వచ్చే నెల నుంచి మా దగ్గర వ్యాక్స్ మూడు రకాలే

మా దగ్గర పార్లర్ సామాన్లు తీసుకునే అక్కలకు, మేడంలకు నమస్కారం.

ఒకటో తారీఖు నుంచి షాపులో వెంట్రుకలు తీసే వ్యాక్స్ ర్యాకు మారుతోంది. చాక్లెట్, అలోవెరా, స్ట్రాబెర్రీ, గోల్డ్ అంటూ వరుసగా ఉండే డబ్బాల్లో చాలావరకు తీసేస్తున్నాం. ఇక మీదట ఉండేవి మూడే: నీళ్లతో కడిగితే పోయే చక్కెర వ్యాక్స్, అంటే మనందరం హనీ వ్యాక్స్ అనేది, నూనెతో తుడిస్తేనే పోయే స్ట్రిప్ వ్యాక్స్, లాగే పట్టీ, అంటే స్ట్రిప్ అక్కర్లేని, గింజల్లా ఉండే హార్డ్ వ్యాక్స్ బీడ్స్. లేబుల్ లేని లూజు వ్యాక్స్ పూర్తిగా బంద్. వన్‌టౌన్‌లో కౌంటర్ దగ్గర నిలబడి ఇదంతా మాట్లాడుకునే తీరిక మీకూ ఉండదు, మాకూ ఉండదు. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. లూజు వ్యాక్స్ తీసుకునేవాళ్లకు బిల్లు పెరుగుతుంది. అందులో కొందరు పక్క షాపుకు వెళ్తారని కూడా తెలుసు. ఇంకో మాట, మూడింటిలో మాకు ఎక్కువ మిగిలేది బీడ్స్ మీద, తక్కువ మిగిలేది హనీ వ్యాక్స్ మీద. కింద బీడ్స్ గురించి నేను ఏం రాసినా ఇది గుర్తు పెట్టుకునే చదవండి.

"మంచి వ్యాక్స్ ఏదండీ?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను ఎదురు అడిగేది ఏమిటంటే, మీ దగ్గర ఎక్కువగా జరిగేది ఏ పని? చేతులు, కాళ్లా? అండర్ ఆర్మ్స్, అప్పర్ లిప్పా? గదిలో ఏసీ ఉందా? పక్కనే నీళ్లు, సింకు ఉన్నాయా? హీటర్ ఎలాంటిది? ఇవి తెలియకుండా డబ్బా చేతికి ఇవ్వడం సరుకు అమ్ముకోవడం మాత్రమే అవుతుంది.

హనీ వ్యాక్స్‌తో మొదలుపెడదాం. పేరుకు హనీ గానీ ఇందులో అసలు సరుకు చక్కెర పాకం. చక్కెర, నీళ్లు, నిమ్మరసంతో ఇంట్లో కాచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దీనికి ఉన్న గొప్ప గుణం, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కస్టమర్ చీరకు అంటినా, టవల్‌కు అంటినా, నేల మీద పడినా నీళ్లు చాలు. ధరా తక్కువ. కాళ్లు, చేతుల మీద మామూలు వెంట్రుకలకు ఇది చక్కగా సరిపోతుంది. "ఇంకా హనీయేనా?" అని ఎవరైనా చిన్నచూపు చూస్తే పట్టించుకోకండి.

దీనితో చిక్కంతా మన వాతావరణంతోనే. చక్కెర గాలిలో తేమను లాక్కుంటుంది. మే నెలలో బెజవాడలోనో, మచిలీపట్నంలోనో ఏసీ లేని గదిలో ఒక పక్క చెమట, ఇంకో పక్క ఉక్క. వ్యాక్స్ చర్మం మీద జారిపోతుంది, స్ట్రిప్ లాగితే సగం వెంట్రుకలు అక్కడే ఉంటాయి. మళ్లీ అదే చోట పూయడం, మళ్లీ లాగడం. చర్మం ఎర్రబడేది అక్కడే. ఏసీ లేకపోతే వేసవి వరకైనా రకం మార్చండి. మార్చలేకపోతే ముందు చర్మాన్ని బాగా తుడిచి పౌడర్ పల్చగా రాసి, తక్కువ తక్కువ చోట్ల పూసుకుంటూ వెళ్లండి. పాకాన్ని మళ్లీ మళ్లీ వేడి చేస్తే అందులో నీరు ఎగిరిపోయి ముదురుతుందని మీకు తెలిసిందే. నీళ్లు కలిపి ఎన్నిసార్లు లేతగా చేసినా మొదటి రోజు పట్టు రాదు.

రెండోది నూనె రకం. ఆర్డర్లలో చాలామంది దీన్ని "రికా" అనే రాస్తారు. రికా అనేది ఇటలీ కంపెనీ పేరు. మీకు ఆ కంపెనీ డబ్బానే కావాలా, ఆ రకం వ్యాక్స్ ఏదైనా ఫర్వాలేదా అన్నది వాట్సాప్‌లో ఒక్క ముక్క రాయండి. రెండింటి ధరల్లో తేడా ఉంది, తర్వాత పేచీ ఉండదు.

ఇది పల్చగా సాగుతుంది, తక్కువ వేడిలోనే పని చేస్తుంది, పొట్టి వెంట్రుకను కూడా పట్టుకుంటుంది. చక్కెర లాగా తేమకు లొంగిపోదు. అయితే నీళ్లకు కదలదు. మిగిలిన జిగటను పోస్ట్ వ్యాక్స్ ఆయిల్‌తో తుడవాల్సిందే, కాబట్టి ఆయిల్ ఖర్చు కూడా ఈ వ్యాక్స్ ఖాతాలోనే రాసుకోండి. బట్టలకు అంటితే పోదు. బెడ్ మీద డిస్పోజబుల్ షీటు లేకుండా ఈ రకం మొదలుపెట్టవద్దు.

దీని లేబుల్‌లో ఒకటి చూడండి. చాలా వ్యాక్స్‌లలో పట్టు కోసం పైన్ చెట్టు జిగురు నుంచి తయారయ్యే రోజిన్ వాడతారు. లేబుల్ మీద కొలోఫోనియం అనో, గ్లిజరిల్ రోజినేట్ అనో ఉంటుంది. ఇది చెడ్డ వస్తువేమీ కాదు, ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. కానీ కొందరికి పడదు. రోజిన్ అలర్జీ చర్మవైద్యులకు బాగా తెలిసిన అలర్జీ. గాయానికి వేసే ప్లాస్టర్ల జిగురులో కూడా రోజిన్ ఉండొచ్చు. ప్లాస్టర్ వేస్తే దద్దుర్లు వస్తాయని కస్టమర్ అన్నారంటే, మోచేతి లోపలి వైపు కొంచెం వ్యాక్స్ వేసి చూసే చిన్న ప్యాచ్ టెస్ట్ చేసి, ఒక రోజు ఆగి చూడండి. పెళ్లికూతురైతే మరీ ముఖ్యం. ముహూర్తానికి ముందు రోజు కొత్త వ్యాక్స్ మొదటిసారి వాడటం ఎవరికీ మంచిది కాదు.

చాక్లెట్, అలోవెరా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రంగు, వాసన, ఇంకాస్త ఏదో సారం మారుతుంది గానీ, వెంట్రుకను పట్టుకునే అసలు సరుకు చాలా డబ్బాల్లో దాదాపు ఒకటే. తెల్లగా క్రీము లాగా కనిపించే వాటిలో సాధారణంగా టైటానియం డయాక్సైడ్ కలిపి ఉంటుంది. వాసన కస్టమర్‌కు నచ్చితే అదీ వ్యాపారమే, కాదనను. అన్ని రంగులూ స్టాకు పెట్టడానికి మాకు జాగా చాలడం లేదు, అంతే.

ఇక బీడ్స్. స్ట్రిప్ వ్యాక్స్‌తో పోలిస్తే దీన్ని మందంగా పూయాలి. ఆరుతూ బిగుసుకుని వెంట్రుకను పట్టుకుంటుంది, చర్మాన్ని అంతగా పట్టుకోదు. అందుకే అండర్ ఆర్మ్స్, బికినీ, అప్పర్ లిప్, గడ్డం దగ్గర బిరుసు వెంట్రుకలకు ఇది నయం. హార్మోన్ల తేడా వల్ల వచ్చే పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలు గడ్డం కింద వెంట్రుకల కోసం వస్తుంటారు కదా, అలాంటి వాటికి స్ట్రిప్ వ్యాక్స్‌తో నాలుగుసార్లు లాగే బదులు దీనితో ఒకటి రెండుసార్లలో పని అవుతుంది. అదే రెండు కాళ్లకూ బీడ్స్ వాడాలంటే టైమూ, సరుకూ దండగ. ఫ్యాను కింద కూర్చోబెట్టి చేస్తే త్వరగా గట్టిపడి ముక్కలుగా విరుగుతుంది. ఇంకా సాగే మెత్తదనం ఉండగానే అంచు పట్టి తీయాలి. ఈ పట్టు చేతికి రావడానికి కొంత టైం పడుతుంది, మొదటి వారమే "బీడ్స్ బాగాలేదు" అని తేల్చేయకండి.

ఎవరైనా ఒక్క రకమే కొనగలను అంటే నేను చెప్పేది ఇది: నూనె రకం స్ట్రిప్ వ్యాక్స్ తీసుకోండి. రెండు కొనగలిగితే దానికి తోడు అరకిలో బీడ్స్. కొత్తగా ఇంట్లో ఒక గదిలో మొదలుపెట్టి, ఎక్కువగా చేతులు, కాళ్లే చేసేవాళ్లకు ఏసీ గనక ఉంటే హనీతోనే నడుస్తుంది.

రోలర్‌తో పూసే రోల్ ఆన్ వ్యాక్స్ గురించి కూడా అడుగుతున్నారు. 100 మిల్లీలీటర్ల కాట్రిడ్జ్‌లు ఆర్డర్ మీద తెప్పిస్తాం, షాపులో స్టాకు ఉంచం. త్వరగా అవుతుంది, శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ఒకరి చర్మం మీద తిరిగిన రోలరే ఇంకొకరి మీదా తిరుగుతుంది. మనిషికో కాట్రిడ్జ్ వాడగలిగితే, లేదా రోలర్ తల మార్చగలిగితే సరే.

ఆ లెక్కన వ్యాక్స్ కరిగించే పాట్‌లో ముంచి పూసే నైఫ్ సంగతీ అంతే. పూసిన నైఫే మళ్లీ పాట్‌లో ముంచుతాం. వేడికి క్రిములు చచ్చిపోతాయిలే అనుకుంటాం. చర్మం తట్టుకునేంత గోరువెచ్చని వేడికి అవి చావవు. వ్యాక్సింగ్ తర్వాత వెంట్రుక కుదుళ్లలో చీము పొక్కులు రావడానికి ఇదీ ఒక కారణం. చెక్క స్పాచులా ఒకసారి ముంచాక మళ్లీ పాట్‌లోకి వెళ్లకూడదు. అందుకని స్పాచులాలు ఇకనుంచి మాకు పడిన ధరకే ఇస్తాం, వాటి మీద లాభం వేసుకోం. నాన్ వోవెన్ స్ట్రిప్స్ ధరలో మార్పు లేదు. జీన్స్ గుడ్డ స్ట్రిప్స్ ఉతికి మళ్లీ వాడేవాళ్లు ఆ అలవాటు మానుకోవాలని నా అభిప్రాయం.

లూజు వ్యాక్స్ ఎందుకు ఆపుతున్నామో చెప్పాలి. అందులో ఏం ఉందో మాకే తెలియదు. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం డబ్బా మీద తయారుచేసినవారి పేరు, అడ్రసు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలి, ఏమేం కలిపారు అన్నవి ఉండాలి. మన దేశంలో తయారైతే లైసెన్స్ నంబరు, బయటి నుంచి వస్తే దిగుమతిదారు పేరుతో పాటు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. విదేశీ పేరు ముద్రించి ఇవేవీ లేని డబ్బా ఎంత అందంగా ఉన్నా అనుమానించండి. రేపు మీ కస్టమర్‌కు బొబ్బలొస్తే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఏం వాడారని. చూపించడానికి మీ దగ్గర లేబుల్ ఉండాలి.

ఖర్చు లెక్క చాలామంది డబ్బా ధర చూసి వేస్తున్నారు. అలా కాదు. వంటింటి కాటా తెచ్చి, పని ముందు పాట్ తూచండి, అయ్యాక మళ్లీ తూచండి. ఉదాహరణకు 800 గ్రాముల డబ్బా 900 రూపాయలు అనుకుందాం. ఫుల్ ఆర్మ్స్‌కు 40 గ్రాములు పడితే డబ్బా 20 మందికి వస్తుంది, మనిషికి 45 రూపాయలు. చేతి అలవాటు కొద్దీ మందంగా పూసి 80 గ్రాములు పట్టిందంటే 10 మందికే, మనిషికి 90. చవక వ్యాక్స్ మందంగా పూయాల్సి వస్తే ఆ చవక ఎటు పోయిందో కాటాయే చెబుతుంది. జీఎస్టీలో రిజిస్టర్ అయినవాళ్లకు ఒక సంగతి: 2025 సెప్టెంబర్ 22 నుంచి పార్లర్ సేవల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది గానీ, ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. మా దగ్గర కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి దాన్ని కూడా ఖర్చులోనే కలపండి.

వ్యాక్స్ ఎంత మంచిదైనా వేయకూడని చర్మం ఉంటుంది. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకు, ఈ మధ్యే ఆపినవాళ్లకు వ్యాక్స్ వద్దు, డాక్టర్ సరే అన్నాకే. ఇంకా ఎక్కువగా కనిపించేది తెల్లబడటానికి రాసే క్రీములు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే కొన్నింటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, స్టెరాయిడ్ మూడూ కలిసి ఉంటాయి. రోజూ రాస్తే చర్మం పల్చబడుతుంది. అప్పర్ లిప్ లాగితే వెంట్రుకతో పాటు పై చర్మం కూడా లేచి వస్తుంది. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే లేదంటారు, ఎందుకంటే క్రీమును వాళ్లు మందు అనుకోరు. "రాత్రి ముఖానికి ఏం రాస్తున్నారు?" అని అడగండి. అలాంటివాళ్లకు థ్రెడింగ్ చేసి పంపించండి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు వచ్చినా ఆగి ఆలోచించాలి. వెంట్రుక సన్నబియ్యపు గింజంత పొడవు, అంటే ఓ 6 మిల్లీమీటర్లు లేకపోతే పది రోజులాగి రమ్మనండి. రెండు రోజుల క్రితం రేజర్ వాడి వచ్చిన కస్టమర్‌కు ఏ కంపెనీ వ్యాక్సూ పని చేయదు.

హీటర్ గురించి అడిగేవాళ్లకు: ఆన్, ఆఫ్ మాత్రమే ఉండే హీటర్‌తో నూనె రకం వాడొద్దు. వేడి తగ్గించి పెంచుకునే థర్మోస్టాట్ ఉండాలి. రకానికో వేడి కావాలి, డబ్బా మీద రాసినదే లెక్క, ఆ తర్వాత ప్రతిసారీ మీ మణికట్టు మీద చూసుకున్నాకే కస్టమర్ మీద. బీడ్స్ కోసం కొన్న చిన్న పాట్ హీటర్‌లో 800 గ్రాముల డబ్బా దిగదు, ఇది చాలామంది కొన్నాక చూసుకుంటున్నారు. రెండు రకాలూ వాడేవాళ్లు రెండు పాట్లు పెట్టుకోండి, ఒకదాని అడుగున మిగిలినదాంట్లో ఇంకోటి కలపవద్దు.

మీ దగ్గర మేము అమ్మిన పాత రకాల డబ్బాలు సీలు తీయనివి ఉంటే ఈ నెలాఖరు లోపల తెచ్చివ్వండి. మీరు కొన్న ధరకే కొత్త సరుకులో సర్దుతాం. గుడివాడ, తెనాలి, నూజివీడు, ఖమ్మం వైపు వాళ్లు ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు, ఆ చార్జీ మాది. సీలు తీసినవి తీసుకోలేం. బీడ్స్ ఎప్పుడూ వాడనివాళ్ల కోసం ఆదివారం మధ్యాహ్నాలు షాపు పైన గదిలో చేసి చూపిస్తాం, ఫీజు లేదు, మీ దగ్గర పనిచేసే అమ్మాయిని కూడా తీసుకురండి. ఆర్డర్ పెట్టే ముందు మీ హీటర్ లోపలి పాట్ ఫోటో, దాని పక్కన ఒక స్కేలు పెట్టి తీసి వాట్సాప్ చేయండి. ఏ డబ్బా పడుతుందో చూసి చెప్తాం.