డిప్యూటీ స్పీకర్ ఎన్నికకు గడువేది?

సంపాదకుడు గారికి,

లోక్‌సభ స్పీకర్ పదవికి పోటీ పెట్టడమే అపచారమన్నట్టు 2024 జూన్‌లో కొందరు మాట్లాడారు. 1967లో నీలం సంజీవరెడ్డిపై తెన్నేటి విశ్వనాథం నిలబడ్డారు, ఇద్దరూ మనవాళ్లే! 278-207 ఓట్లతో గెలిచిన రెడ్డిగారు కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. సభ పరువేమీ పోలేదు.

ఎన్నిక తతంగం చిన్నదే. ముందురోజు మధ్యాహ్నం 12 గంటల్లోపు సెక్రటరీ జనరల్‌కు తీర్మానం నోటీసు అందాలి. ప్రతిపాదించే సభ్యుడు, బలపరిచే మరో సభ్యుడు, అభ్యర్థి సమ్మతి పత్రం ఉంటే చాలు. తీర్మానాలను వరుసగా ఓటుకు పెడతారు. ఒకటి నెగ్గిందా, మిగతావి ఓటుకే రావు. 2024లో ఓం బిర్లా మూజువాణి ఓటుతో గెలిచారు, ప్రతిపక్షం డివిజన్‌కు (ఓట్లు లెక్కపెట్టడానికి) పట్టుబట్టలేదు.

పేచీ అంతా డిప్యూటీ స్పీకర్ పదవి దగ్గరే. స్పీకర్ ఎన్నిక తేదీని రాష్ట్రపతి ఖరారు చేస్తే, డిప్యూటీ ఎన్నిక తేదీని లోక్‌సభ కార్యవిధాన నియమాల్లోని 8వ నిబంధన ప్రకారం స్పీకరే నిర్ణయించాలి. రాజ్యాంగంలోని 93వ అధికరణ ‘వీలైనంత త్వరగా’ అంటుందే తప్ప గడువు చెప్పదు. ఆ సందులోనే 17వ లోక్‌సభ అయిదేళ్లూ డిప్యూటీ లేకుండా గడిచిపోయింది. 2024లో ఆ పదవి తమకిస్తామని ప్రతిపక్షం ముందే హామీ అడిగింది, అధికారపక్షం ఇవ్వలేదు, బేరం చెడింది.

1998లో వాజపేయి ప్రభుత్వానికి మెజారిటీ అంతంతమాత్రం. అయినా 12 మంది ఎంపీలున్న తెలుగుదేశం నుంచి బాలయోగి స్పీకరయ్యారు, ప్రతిపక్ష కాంగ్రెస్‌కు చెందిన పి.ఎం. సయీద్ డిప్యూటీ అయ్యారు. సర్దుబాటు అంటే అదీ. రాజ్యాంగ సవరణ దాకా పోనక్కర్లేదు, స్పీకర్ ఎన్నికైన 30 రోజుల్లోగా అని 8వ నిబంధనలో ఒక్క ముక్క చేరిస్తే సరి.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం