సోలార్ పాఠం ఎండలో చెప్పండి

సంపాదకులకు,

కర్నూలు–నంద్యాల దారిలో ఓర్వకల్లు దగ్గర గని–శకునాల సోలార్ పార్కు వెయ్యి మెగావాట్ల సామర్థ్యంతో నడుస్తోంది. ఆ చుట్టుపక్కల హైస్కూలు పిల్లలకైనా సరే, ఒక ప్యానెల్ వోల్టేజిని తమ చేత్తో కొలిచే పీరియడ్ పాఠ్యప్రణాళికలో లేదు. పైగా పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకంలోంచి ‘శక్తి వనరులు’ అధ్యాయాన్ని భారం తగ్గించే పేరుతో తీసేశారు. మన రాష్ట్రంలో ఇప్పుడు చెబుతున్నది ఆ పుస్తకమే. అయినా విద్యుత్ పాఠం ఉంది కదా. ఓమ్ నియమం, శ్రేణి సంధానం, సామర్థ్యం, ఈ మూడింటినీ ప్యానెల్‌తోనే నేర్పవచ్చు.

దీనికి లక్షలు అక్కర్లేదు. బడుల్లో పిల్లలు ప్రయోగాలు చేసే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు కేంద్రం నుంచి 20 లక్షల గ్రాంటు వస్తుంది. అది రాని బడులు ఎదురుచూస్తూ కూర్చోవలసిన పని లేదు. ఐదుగురు పిల్లల జట్టుకు 10 వాట్ల 12 వోల్టుల ప్యానెల్ ఒకటి, వోల్టేజి, కరెంటు కొలిచే మామూలు మల్టీమీటర్లు రెండు, 10, 22, 33, 47, 100 ఓముల రెసిస్టర్లు, క్లిప్పుల వైర్లు, ఒక అట్టముక్క చాలు. రెసిస్టర్లు మాత్రం 10 వాట్లు తట్టుకునే తెల్ల సిమెంట్ రకమే కొనాలి. రేడియో షాపులో దొరికే పావు వాటువి క్షణాల్లో పొగ వదులుతాయి. సిమెంట్‌వి కూడా చెయ్యి కాలేంత వేడెక్కుతాయి కనుక ఇటుక మీద పెట్టించాలి.

ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి, దానికి ఏమీ కలపకుండా వోల్టేజి కొలిస్తే 20 వోల్టుల దగ్గర వస్తుంది. మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌కు మార్చి ప్యానెల్ రెండు కొసల మధ్య పెడితే మంచి ఎండలో అర ఆంపియరుకు కాస్త పైన చూపిస్తుంది, ఇదే ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు. ఈ రెండింటినీ గుణించి అదే ప్యానెల్ సామర్థ్యమని రాసేస్తారు పిల్లలు. ఆ తప్పు జరగనివ్వాలి. తరువాత రెసిస్టర్లు ఒక్కొక్కటే కలిపి వోల్టేజి, కరెంటు రెండూ ఒకేసారి చదివించి, గుణించి, పట్టిక రాసి గ్రాఫు గీయిస్తే 10 ఓముల దగ్గర మూడు వాట్ల చుట్టూ, 33 దగ్గర ఎనిమిది వరకూ, 100 దగ్గర మళ్లీ నాలుగు లోపూ వస్తుంది. వోల్టేజి నిండుగా ఉన్నచోట కరెంటు ఉండదని, కరెంటు నిండుగా ఉన్నచోట వోల్టేజి ఉండదని ఆ గ్రాఫు చూశాక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎక్కువగా చెడేది మీటరే. కరెంటు కొలిచిన వైరును ఆ సాకెట్‌లోనే ఉంచి బ్యాటరీ వోల్టేజి చూడబోతారు, అది నేరుగా షార్ట్ సర్క్యూట్. చవక మీటర్లలో 10 ఆంపియర్ల దారికి ఫ్యూజు కూడా ఉండదు. అందుకే ఒక మీటరును కరెంటుకే, రెండోదాన్ని వోల్టేజికే కేటాయించి రంగు టేపు చుట్టాలి. మబ్బు రెండో శత్రువు. ప్రయోగం మొదట్లోనూ చివర్లోనూ ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు చూడాలి. రెండూ తేడాగా వస్తే ఆ పట్టికను దిద్దకుండా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

మన ఎండ వల్ల ఒక గొప్ప పాఠం ఉచితంగా వస్తుంది. నీడలో ఉన్న ప్యానెల్‌ను బయటికి తెచ్చిన వెంటనే ఒకసారి, పావుగంటకు ఇంకోసారి వోల్టేజి చూస్తే వోల్టు పైనే పడిపోతుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గరివి. ప్యానెల్ 60 డిగ్రీలకు వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున 14 శాతం పోతుంది. వేడి ఎక్కువైతే విద్యుత్తూ ఎక్కువే అనుకునే పెద్దలకు కూడా ఇది తెలియాలి.

ఇక అట్టముక్కతో ప్యానెల్‌లోని 36 సెల్స్‌లో ఒక్కదాన్ని మూయించండి. అన్నీ శ్రేణిలో ఉంటాయి కనుక, కాలువకు ఒకచోట అడ్డం వేసినట్టు మొత్తం కరెంటు కుప్పకూలుతుంది. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తోందని ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టించుకుంటున్నారు. వాటర్ ట్యాంకు నీడ వాటి మీద పడితే ఏమవుతుందో ఆ ఇంటి పిల్లే చెప్పగలగాలి.

ఎండతో పాటు గాలితో కరెంటు పుట్టించడమూ చూపవచ్చు, కానీ ఆ గాలిమరకు బొమ్మ మోటారు పనికిరాదు. నిమిషానికి వేల చుట్లు తిరిగితేగాని అది ఎల్‌ఈడీ వెలిగించదు. పాత ప్రింటర్లోని స్టెప్పర్ మోటారుకు కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు నాలుగు కలిపి, పీవీసీ పైపు రెక్కలు బిగించి, టేబుల్ ఫ్యాన్ ముందు పెడితే వెలుగుతుంది.

విద్యాశాఖకు మా విన్నపం ఇది. గాజు పెట్టెలో బిగించిన ఖరీదైన నమూనాలు కొనవద్దు, విప్పి మళ్లీ కలపగలిగే విడి సామాన్లు ఇవ్వండి. ఫ్యూజులు, బ్యాటరీలు, క్లిప్పుల కోసం ఏటా కొద్ది మొత్తం విడిగా కేటాయించండి. అది లేకనే చాలా ల్యాబుల్లో మీటర్లు బీరువాల్లో మూలుగుతున్నాయి. ఎఫ్‌ఏలలో (ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో) ప్రాజెక్టు పనికిచ్చే మార్కులను ఈ పట్టికకూ గ్రాఫుకూ ఇవ్వండి. ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట మధ్య జంట పీరియడ్ కావాలి. వానాకాలపు మబ్బుల్లో గ్రాఫు కుదరదు కనుక, చుట్టుపక్కల బడుల వారు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఉపాధ్యాయుల చేత ఒకసారి చేయించి, దసరా సెలవుల్లోగా కిట్లు బడులకు చేర్చండి.

– భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, కర్నూలు