బ్యారన్ దగ్గర రాత్రిళ్లు

కొండపి దగ్గర, పొలం నుంచి
ఆదివారం మధ్యాహ్నం

చిట్టితల్లీ,

"రాత్రంతా చెవిలో పెట్టుకుని ఏం వింటున్నావు నాన్నా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. నిలబడి చెప్పే సంగతి కాదని అప్పటికి దాటేశాను. ఈరోజు కూలీలు రాలేదు, ఆకు కోత లేదు. తీరిగ్గా రాస్తున్నాను.

నీకు తెలియంది కాదు, బ్యారన్‌లోకి, అదే పొగాకు కాల్చి ఆరబెట్టే గదిలోకి, ఆకు ఎక్కించామంటే ఆరేడు రోజులు మనిషి దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆకు పసుపెక్కేదాకా వేడి 100 ఫారన్‌హీట్ దరిదాపుల్లో ఉండాలి. తొందరపడి పెంచితే పచ్చ అలాగే నిలిచిపోతుంది, ఆలస్యం చేస్తే రంగు మాడిపోతుంది. చివర్లో ఈనె ఎండటానికి 160 దాకా తీసుకెళ్తాం. ఆ వేడికి ఒక్క ఆకు రాలి పొయ్యి వేడి తిరిగే గొట్టం మీద పడినా చాలు, మొత్తం అంటుకుంటుంది. అందుకే పొయ్యిలోకి జామాయిల్ కట్టె ఎగదోస్తూ, థర్మామీటర్ చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చోవడం.

పోయినేడు నిద్ర ఆపుకోవడానికి వీడియోలు చూసేవాణ్ణి. ఒక రాత్రి వాటిల్లో పడి, పొయ్యి చల్లారిన సంగతే గమనించలేదు. ఆ ఆకుకి వేలంలో ఏం ధర పలికిందో నీకు చెప్పాను. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు ఫోన్‌లో ఆ పాడ్‌కాస్టులు, అదే నెట్‌లో దొరికే వినే కార్యక్రమాలు, పెట్టి వెళ్లావు కదా, అప్పట్నుంచి నా కళ్లు పొయ్యి మీదే ఉంటున్నాయి. చెవికి చూపుతో పనిలేదు. కట్టె వేస్తున్నా, టార్చ్ పట్టుకుని బ్యారన్ చుట్టూ తిరుగుతున్నా మాట మాత్రం నాతోపాటే వస్తుంది.

అన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు. ఆయన అమెరికాలో ఉంటారట, కౌముది అనే నెట్ పత్రికని 2007 నుంచి నడుపుతున్నారట. అంత దూరాన కూర్చుని మాట్లాడుతున్నా, మన అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. గొంతు పెంచరు. మాట వినపడకుండా వెనక మ్యూజిక్ దంచరు. ఒక మనిషి గురించి మొదలుపెడితే పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, పడిన కష్టాలు, రాసిన పుస్తకాలు, ఏదీ వదలరు. ఈ విషయం ఫలానా పుస్తకంలో ఉంది, ఇది ఫలానావారు చెప్పారు అని వివరం కూడా ఇస్తారు. వినేవాడి మీద ఎంత గౌరవం లేకపోతే అంత ఓపిగ్గా చెప్తారు!

రచయిత చలం గారి మీద చాలా భాగాలు చేశారు. మా చిన్నప్పుడు మీ తాతయ్య ఇంట్లో ఆ పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. చలం పుస్తకాలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారనేవారు. నేనూ ఒక్క పేజీ చదవకుండానే అదే నమ్మాను. ఇప్పుడు ఒక్కో భాగం వింటుంటే, ఆడవాళ్ల బాధ గురించి ఆ మనిషి ఎంత తపించాడో తెలిసొచ్చింది. చివరికి అన్నీ వదిలి అరుణాచలం చేరి, 1979లో అక్కడే కన్నుమూశారు. ఆ భాగం అయ్యేసరికి కోళ్లు కూస్తున్నాయి. ఇయర్‌ఫోన్ తీయబుద్ధి కాలేదు. మీ అక్క పెళ్లప్పుడు, చదువు విషయంలో, దాని మాట నేను వినిపించుకోలేదు తల్లీ. అదే గుర్తొచ్చింది. మర్నాడు దానికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను.

నాకీ వినే అలవాటు కొత్తదేం కాదు. మా ఊరి పంచాయతీ రేడియోలో ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారి ధర్మసందేహాలు వచ్చేవి. శ్రోతలు ఉత్తరాలు రాస్తే ఆయన జవాబు చెప్పేవారు. భారతంలో అలా ఎందుకు జరిగింది, రాముడు ఇలా ఎందుకు చేశాడు అని. మీ తాతయ్య చుట్ట ఆరిపోయినా వెలిగించుకోకుండా వినేవాడు. నేను ఆయన మోకాలికి ఆనుకుని కూర్చునేవాణ్ణి. రేడియోలో అయితే ఒకసారి తప్పిపోయిందంటే ఇక అంతే. పొలంలో పని పడి ఎన్ని ఆదివారాలు పోగొట్టుకున్నానో. ఇది నేను ఆపితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే ఆగిన మాట దగ్గర్నుంచే అందుకుంటుంది. నువ్వు ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం నేర్పావు కాబట్టి పొలంలో సిగ్నల్ లేకపోయినా ఇబ్బంది లేదు.

మీ అమ్మకి హర్షణీయం అనే పాడ్‌కాస్ట్ ఇష్టం. అందులో తెలుగు కథలు చదువుతారు, రాసినవాళ్లతోనూ అనువాదకులతోనూ మాట్లాడతారు. పగలు షెడ్డులో ఆకు కర్రలకి కట్టేటప్పుడు ఫోన్‌ని ఖాళీ ఇత్తడి చెంబులో నిలబెడుతుంది. శబ్దం గంటలా మోగి పదిమందికీ వినపడుతుంది. చేతులకి నల్లటి జిగురు, ఫోన్ ముట్టుకునే వీల్లేదు, కాబట్టి కథ అయ్యేదాకా ఎవరూ మార్చరు. మొన్నొక కథ అయ్యాక కోడలిదే తప్పని ఒకావిడ, మొగుడిదని ఇంకొకావిడ సాయంత్రం దాకా వాదించుకున్నారు. వాళ్లలో సగం మందికి చదువు రాదు. ఇన్నాళ్లూ వాళ్లకి ఒక కథ చదివి వినిపించాలని మాకెవరికీ తోచలేదు చూడు.

రెండు సంగతులు అడగాలి. ఒక భాగం అవగానే రెండోది దానంతటదే రావడానికి ఏం నొక్కాలో చెప్పు. రాత్రి మూడింటికి ఆగిపోతే, జిగురు చేతులతో అద్దం మీద ఎంత రుద్దినా కదలడం లేదు. చలం గారి పుస్తకాలు హైదరాబాదులో దొరికితే ఒకటి రెండు, అక్షరాలు కాస్త పెద్దగా ఉన్నవి చూసి, ఉగాదికి వచ్చేటప్పుడు పట్టుకురా.

వేడి 130 మీద ఉంది. కట్టె వెయ్యాలి. వేళకి తిను.

మీ నాన్న