పదేళ్ల అడ్రసులు అడిగావు

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి బుజ్జికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. కొత్త కంపెనీ వాళ్లకి వెరిఫికేషన్ కోసం పదేళ్ల అడ్రసులు కావాలన్నావు. ఫోన్లోనే గడగడా చెప్పేద్దామనుకున్నాను గానీ రెండో ఇంటి దగ్గరే తడబడ్డాను. బీరువాలోంచి పాత రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, అద్దె రసీదుల కట్ట తీసి ముందేసుకుని కూర్చున్నాను. తీరా కూర్చున్నాక పదేళ్ల దగ్గర ఆగబుద్ధి కాలేదు. నువ్వు పుట్టిన 1997 నుంచి రాసుకొచ్చాను. తొమ్మిది ఇళ్లు తేలాయి. వేరే కాగితం మీద వరసగా రాసి ఇందులోనే పెడుతున్నాను. చివరి మూడూ నీ ఫారానికి. మిగతావి ఊరికే, నీ దగ్గర ఉంటాయని.

మొన్న మీ అమ్మ స్పీకర్లో "మూడేళ్లలో మూడో ఉద్యోగమా, అచ్చం మీ నాన్న పోలికే" అన్నప్పుడు నువ్వు నవ్వలేదు. అప్పటినుంచీ ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది.

మారిన ప్రతిసారీ నీకు ఒకటే చెప్పాను. పని పోయిందమ్మా, రోజులు మారిపోయాయమ్మా అని. చాలావరకు నిజమే. బెజవాడ సత్యనారాయణపురంలో మన ఎస్టీడీ బూత్ ముందు, రాత్రి పదకొండు దాటితే పావు రేటని జనం బారులు తీరేవాళ్లు. నువ్వు కౌంటర్ వెనకాల చాప మీద నిద్రపోయేదానివి. బిల్లు మిషను కీచుమంటే ఉలిక్కిపడి లేచేదానివి. 2003లో సెల్‌ఫోన్లకి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. ఏడాది తిరక్కుండా షట్టర్ దించేశాను. అమరావతి స్థలాల బేరాలూ అంతే. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగిన రోజుల్లో పూటకో పార్టీని కారెక్కించుకుని తుళ్లూరు చుట్టూ తిప్పేవాణ్ణి. 2019 చివరికొచ్చేసరికి నా ఫోన్ ఎత్తేవాడే లేడు. ఈ రెండింటికీ మధ్య గవర్నరుపేటలో శుభలేఖల డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు కూర్చే పని. దాని గురించి చెప్పుకోవడానికి కళ్లజోడు తప్ప ఏం మిగల్లేదు.

మిర్చి యార్డు సంగతి మాత్రం వేరు.

2004లో గుంటూరు వచ్చి ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరాను కదా. సీజన్లో తెల్లారకముందే టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దిగేవి. తేజ, 334, బాడిగ రకాలు. గుప్పెడు కాయలు తీసి చేత్తో నలిపితే తేమ ఎంతుందో తెలిసిపోయేది. రంగుపోయిన తాలు కాయ ఎంత కలిసిందో మూట విప్పగానే చెప్పేసేవాణ్ణి. చేరిన మొదటి వారం, ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాననే ధైర్యంతో నీ చెంప నిమిరాను. మంటకి ఇల్లు పీకి పందిరేశావు. మర్నాటి నుంచి మీ అమ్మ గుమ్మం దగ్గరే కొబ్బరినూనె సీసా, శనగపిండి గిన్నె పెట్టింది. ముందు నూనె, తర్వాత పిండి, ఆ తర్వాతే పిల్ల. గోళ్ల సందుల్లో ఎరుపు మాత్రం మే నెలలో యార్డుకి సెలవులిచ్చే దాకా పోయేది కాదు.

యజమాని మంచివాడు. "మీరుంటే నేను యార్డుకి రాకపోయినా పర్లేదు" అనేవాడు. నాకే విసుగు పుట్టింది. ఐదేళ్లు అదే గేటు, అదే కాటా, అదే దగ్గు. నా కాళ్లలో చక్రాలున్నాయని మా నాయనమ్మ ఊరికే అనలేదు. 2009 వేసవి సెలవుల్లో బెజవాడ మిత్రుడొకడు డీటీపీలో వాటా ఇస్తానన్నాడు. కొట్టు మూసేస్తున్నారని మీ అమ్మకి చెప్పాను. కొట్టు మూయలేదు బుజ్జీ. ఇవాళ్టికీ నడుస్తోంది. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. మొన్న మన కర్రీ పాయింట్‌లో దొండకాయ వేపుడు, పప్పుచారు కట్టించుకెళ్లాడు. "బాగున్నారా అంకుల్" అన్నాడు. చిల్లర తప్పు లెక్కేసి ఇచ్చాను.

నువ్వప్పుడు ఏడో క్లాసు. కొత్త యూనిఫాం కుట్టించి, పుస్తకాలకి అట్టలు కూడా వేశాక, ఆగస్టులో నిన్ను లాక్కుని బెజవాడ కృష్ణలంక వచ్చాను. రెండు నెలలు కూడా కాలేదు, అక్టోబరులో వరద. బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. ఆటోల్లో మైకులు పెట్టి ఖాళీ చెయ్యమన్నారు. రెండు సంచులతో బయటపడ్డాం. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే నీ పుస్తకాల అట్టలు ఊడి గోడకి అంటుకుని ఉన్నాయి. మీ అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రుబ్బురోలు బురదలో సగం దాకా దిగబడిపోయింది. అది తనకొద్దంది. ఎందుకొద్దో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు నా ముందున్న గ్యాస్ పుస్తకంలో ఆ ఏడాది పేజీకి అడుగున ఇంకా మట్టిచార ఉంది.

"గుంటూరులోనే ఉండుంటే మునిగేవాళ్లం కాదు కదా నాన్నా" అన్నావు. "కొట్టు మూసేశారు కదమ్మా, ఏం చేస్తాం" అన్నాను. మోకాళ్ల దాకా బురదలో నిలబడి, పన్నెండేళ్ల పిల్లతో.

ఎందుకు మారుతున్నావని అడిగితే జీతం పెరుగుతుందన్నావు. పెరుగుతుందేమో. విసుగు పుట్టి మారుతున్నా నేనేమీ అనను. నీ వెనకాల యూనిఫాం కుట్టించుకుని కూర్చున్నవాళ్లెవరూ లేరు. ఫారంలో కారణం రాసే గడి ఉందో లేదో నాకు తెలియదు. ఫోన్లో మాత్రం విసుగైతే విసుగనే చెప్పు, మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను.

బ్రాడీపేటలో ఈ కర్రీ పాయింట్ పెట్టి ఐదేళ్లవుతోంది. మొన్న వేసవిలో మళ్లీ కాళ్లు లాగాయి. ఈసారి మీ అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. "ముందు ఆ ఉల్లిపాయలు కొయ్యండి" అంది.

సాయంత్రానికి కూరలు మొదలుపెట్టింది. ఇందాకటి నుంచి ఏంటంత రాస్తున్నారని అడిగింది. బుజ్జికి అడ్రసులన్నాను.

"కృష్ణలంకది రాశారా?" అంది, బాణలి మీంచి తల తిప్పకుండా.

రాశానన్నాను.

మీ నాన్న