రెండు డోర్ల కారులో పిల్లల సీటు: ఎడమ పక్కా, కుడి పక్కా?

సంపాదకుల వారికి,

నల్లగొండ గడియారం సెంటర్లో కాసేపు నిలబడితే ఒక్క మహీంద్రా థార్ జీపైనా కంటబడకపోదు. మిర్యాలగూడలో, జడ్చర్ల చౌరస్తాలో, మహబూబ్‌నగర్ న్యూటౌన్లో కూడా అంతే. వాటికి తోడు బొమ్మకారంత ఉండే ఎంజీ కంపెనీ కామెట్ కరెంటు బండ్లు వచ్చాయి. కొనేవాళ్ళలో పసిపిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ళ నోట తరచూ వచ్చే మాట ఒకటే: "రెండు డోర్ల బండిల బేబీ సీటు యాడ వెడ్తం? అమ్మ ఒళ్ళె కూసుంటడు తియ్."

ఒళ్ళో కూర్చోబెట్టుకునే సంగతి ముందు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి దేన్నైనా గుద్దితే, పది కిలోల పిల్లవాడు చేతుల్లో రెండు మూడు వందల కిలోల బరువై ముందుకు పోతాడు. ఎంత బలమున్న తల్లైనా ఆ బరువును ఆపలేదు. చట్టం కూడా ఒప్పుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళు నిండని పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకుండా బండి నడిపితే 1000 రూపాయల జరిమానా.

ఇక యాడ పెట్టాలన్న ప్రశ్న. కంపెనీవాళ్ళు వెనక డిక్కీ తలుపును కూడా లెక్కేసి మూడు డోర్లంటారు, జనం రెండు డోర్లంటారు. బండి అదే. 2020 అక్టోబరు 2న వచ్చిన థార్‌లో ముందుకు చూసే వెనక సీట్లు రెండింటికీ, 2023లో వచ్చిన కామెట్ వెనక సీట్లకూ పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కడ్డీలున్నాయి. థార్ తొలినాళ్ళలో వెనక ఎదురెదురుగా, పక్కవాటుగా కూర్చునే ఆరు సీట్ల రకం కూడా అమ్మారు. సెకండ్ హ్యాండులో అది దొరికితే పిల్లల సీటు ఆలోచన మానుకోవాల్సిందే. పక్కవాటు సీటు మీద ఏ కంపెనీ పిల్లల సీటూ బిగించకూడదు. థార్‌కు 2020 నవంబరులో, బండ్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పిల్లల భద్రతకు కూడా నాలుగు స్టార్లిచ్చింది. అయితే ఆ పరీక్షలో ఏడాదిన్నర, మూడేళ్ళ వయసు బొమ్మలను పిల్లల సీట్లలో బిగించి కూర్చోబెట్టారు. మనవాళ్ళు స్టార్లు లెక్కపెడతారు, సీటు కొనరు.

ఈ బండ్లలో వెనక్కి వెళ్ళే దారి ముందున్న ఎడమ సీటు మీదుగానే. లివర్ లాగితే ఆ సీటు వీపు వంగి మొత్తంగా ముందుకు జరుగుతుంది. డ్రైవర్ వైపు నుంచి వెనక్కి దూరడం అయ్యే పని కాదు. కాబట్టి అసలు ప్రశ్న పిల్లను రోజూ ఎవరు ఎక్కిస్తారన్నది. ఒక్కరేనా, ఇద్దరుంటారా? దాన్నిబట్టే సీటు ఏ పక్కనో తేలుతుంది.

ఒక్కరే అయితే, అంటే పొద్దున అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో దింపి డ్యూటీకి పోయేవాళ్ళయితే, సీటు వెనక ఎడమ వైపు ఉండాలి. రోడ్డు అంచున నిలబడి, ఎడమ తలుపు పూర్తిగా తీసి, ముందు సీటు వంచి, నడుము లోపలికి వంచితే చేతులు అందుతాయి. ట్రాఫిక్ మీ వీపు వెనక ఉండదు. దీనికో నష్టముంది. ఎడమ వైపు పిల్లల సీటు ఉంటే, దాన్ని దాటి కుడి వెనక సీటులోకి పెద్దమనిషి చేరడం సర్కస్. ఆ సీటు ఇక సంచులకే అనుకోండి.

ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండేట్టయితే సీటు కుడి వైపు, డ్రైవర్ వెనక పెట్టడం మేలు. ఒకరు ఖాళీ చేతులతో ముందుగా ఎక్కి వెనక ఎడమ సీటులో కూర్చోవాలి. కింద నిలబడ్డవాళ్ళు పిల్లను అందించాలి. లోపలివాళ్ళు కూర్చునే బెల్టులు కడతారు, నడుము నొప్పి ఉండదు. పిల్లను చంకనేసుకుని థార్ ఎక్కడం మాత్రం ఎవరూ చేయకండి. బండి ఎత్తు, మెట్టు సన్నం, పైగా ముందు సీటు బెల్టు దారికి అడ్డంగా వేలాడుతూ ఉంటుంది. కాలు తగులుకునేది దానికే. ఎక్కేముందు ఆ బెల్టును పక్కకు నెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఏడాది లోపు పిల్లల సంగతి వేరు. వాళ్ళ సీటు వెనక్కి తిరిగి, అంటే పిల్ల ముఖం డిక్కీ వైపు ఉండేలా బిగించాలి. ఆర్129 ముద్ర (పిల్లల సీట్ల భద్రతా ప్రమాణం) ఉన్న సీట్లలో కనీసం 15 నెలలు నిండేదాకా ఇలాగే ఉంచాలని నియమం. సీటు బరువు, ఎత్తు పరిమితి ఒప్పుకుంటే రెండేళ్ళు దాటినా ఇలాగే ఉంచడం మంచిది, ఎందుకంటే పసివాళ్ళ తల బరువెక్కువ, మెడ లేతది. వెనక్కి తిప్పిన సీటు ముందు సీటు వైపు చాలా జాగా తింటుంది. డ్రైవర్ వెనక పెడితే పొడుగ్గా ఉన్న డ్రైవరు స్టీరింగ్‌కు అతుక్కుపోతాడు. అందుకే ఈ వయసులో ఎడమ వైపే గతి, ముందు ఎడమ సీటు బాగా ముందుకు జరిపి.

ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది. పిల్లను ఎక్కించి ముందు సీటును వెనక్కి నెట్టినప్పుడు దాని వీపు పిల్లల సీటును నొక్కి, వాలు తగ్గించి నిటారుగా లేపుతుంది. అప్పుడు పసిపిల్ల గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, శ్వాసకు అడ్డం. సీటు పక్కన ఒక గీతో, నీళ్ళ బుడగో ఉంటుంది. బండి చదునైన నేల మీద ఉన్నప్పుడు ఆ గీత నేలకు సమాంతరంగా ఉందో లేదో చూడాలి. ముందు సీటు ఆ సీటును తాకవచ్చా, తాకకూడదా అన్నది సీటు కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

పిల్లతో సహా ఊడదీసి చేత్తో మోసుకుపోయే రకం సీట్లు నాలుగు డోర్ల కార్లకు బాగుంటాయి. ఇందులో వద్దు. సీటు నాలుగు కిలోలు, పిల్ల ఆరు కిలోలు, మొత్తం పది కిలోలు చాచిన చేతులతో ముందు సీటు మీదుగా లోపలికి దింపాలి. సీటు బండిలోనే ఉంచి పిల్లను మాత్రం ఎత్తి పెట్టడం నయం. గుండ్రంగా తిరిగే సీటు మాత్రం పనికొస్తుంది, అమ్మేవాళ్ళు చెప్పే కారణానికి కాదు. పక్కకు తిప్పితే తలుపు వైపు వస్తుందంటారు, ఇక్కడ పక్కన తలుపే లేదు, అద్దమే. కాకపోతే ఎక్కించేటప్పుడు ముందుకు తిప్పి బెల్టు కట్టి, మళ్ళీ వెనక్కి తిప్పి లాక్ చేయొచ్చు. ఇరుకులో అది తిరుగుతుందో లేదో కొనేముందే చూసుకోవాలి.

ముందు సీటు లాక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వంచిన సీటు తిరిగి పెట్టేటప్పుడు రెండు లాకులు పడాలి: కింద పట్టాల మీద జరిగే లాకు ఒకటి, వీపు లాకు ఒకటి. చాలామంది వీపు టక్కుమనగానే అయిపోయిందనుకుంటారు. పట్టాల లాకు పళ్ళ మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు, లేదా పట్టాల్లో పల్లీ గింజో, బిస్కెట్ ముక్కో, చిల్లర పైసలో ఇరుక్కుని ఉండొచ్చు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ సీటు జారుతుంది, అందులో కూర్చున్న మనిషితో సహా. సీటు పెట్టాక రెండు చేతులతో దాని అడుగును ముందుకూ వెనక్కూ కుదపాలి, తర్వాత వీపును ఒక గుంజు గుంజాలి. కదలకపోతేనే మనిషి కూర్చోవాలి. అలాగే సీటు వెనక్కి నెట్టేముందు లోపలి పిల్ల వేళ్ళు, పాదాలు ఎక్కడున్నాయో చూడాలి. రెండేళ్ళ పిల్లలకు ముందు సీటు అంచు పట్టుకుని ఆడటం సరదా.

బిగించడంలో చెడేది ఎక్కువగా మన డెకరేషన్ వల్లే. కొత్త బండి వచ్చిన వారంలోనే రెగ్జిన్ కవర్లు కుట్టిస్తారు. ఐసోఫిక్స్ కడ్డీలు 280 మిల్లీమీటర్ల దూరంలో, సీటు, వీపు కలిసే సందులో దాగి ఉంటాయి. కవరు వాటి మీదుగా పోతుంది. తర్వాత సీటు కొక్కేలను కవరు మీద నుంచే గుచ్చి నెట్టబోతారు, ఒకటి పడుతుంది, రెండోది పడదు. కవరు కుట్టించేటప్పుడే ఆ రెండు చోట్ల కోత పెట్టి అంచు కుట్టమనండి. రెండు వైపులా టక్ టక్ అని వినిపించాలి, సూచిక ఉన్న సీట్లలో రెండు వైపులా ఆకుపచ్చ కనిపించాలి. అడుగున కాలున్న సీటైతే మరో చిక్కు. ఇప్పుడు అందరూ వేయించే మందపాటి 7డి మ్యాటు మెత్తగా ఉండి ఆ కాలు కిందికి దిగుతుంది. ఆ చోట మ్యాటు తీసేసి కాలు నేల మీదే ఆనాలి. ఇక మూడోది సీటు పైనుంచి వచ్చే టాప్ టెదర్ పట్టీ. దాన్ని మాన్యువల్‌లో చూపిన చోటే తగిలించాలి. డిక్కీలో సామాను కట్టే కొక్కేనికి తగిలించి గుంజితే గట్టిగానే అనిపిస్తుంది, గుద్దినప్పుడు ఆ కొక్కెం ఊడి వస్తుంది. బెల్టు పోయే దారి దగ్గర సీటును పట్టుకుని కుదిపితే ఒక అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు.

పిల్ల భుజాల పట్టీలు వెనక్కి తిప్పిన సీటులో భుజానికి సమానంగానో కాస్త కిందనుంచో, ముందుకు తిప్పిన సీటులో భుజానికి సమానంగానో కాస్త పైనుంచో రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి, మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. చలికాలం స్వెట్టరు, శాలువా పట్టీల కింద వద్దు. పట్టీ కట్టాక పైన కప్పండి.

ముందు సీటు అందుబాటుగా ఉంటుంది కదా, అక్కడే పెడితే ఏం అని అడిగేవాళ్ళున్నారు. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు వెనక్కి తిప్పిన పిల్లల సీటు ఎప్పుడూ పెట్టకూడదు. పేలిన బ్యాగు నేరుగా పిల్ల తల వెనక సీటు డొప్పను కొడుతుంది. ఈ ఒక్క విషయంలో ఏ మినహాయింపూ లేదు, పక్క వీధికైనా సరే.

వేసవిని మరవొద్దు. మనవైపు మే నెలలో 44 డిగ్రీలు మామూలు. ఈ బండ్లలో వెనక అద్దాలు కిందికి దిగవు, 2020 థార్‌లో వెనక ఏసీ వెంట్లు కూడా లేవు. ఎండలో నిలిపిన బండిలో బకిల్ ఇనుప నాలుక పిల్ల తొడను కాల్చేంత వేడెక్కుతుంది. దిగేటప్పుడే సీటు మీద తెల్లటి తడి తువ్వాల కప్పితే సగం బాధ తప్పుతుంది. ఎక్కించేముందు తలుపులు తీసి ఐదు నిమిషాలు ఏసీ నడపాలి. ముందు వెంట్లలో మధ్యవి పైకి తిప్పితే గాలి వెనక్కి చేరుతుంది. చాయ్ తాగేంతసేపే కదా అని పిల్లను లోపల వదలడం ప్రాణం మీదికి తెచ్చే పని. మన్ననూరు దాటాక శ్రీశైలం దారి మలుపుల్లో పిల్లలు కక్కడం మామూలే. సీటు కవరు తీసి ఉతికేదై ఉండాలి, పట్టీలు మాత్రం సబ్బు నీళ్ళలో నానబెట్టకూడదు, తడి గుడ్డతో తుడవాలి.

ఒకే తలుపు వరస కాబట్టి ప్రమాదంలో బయటపడే దారీ తక్కువే. బండి ఎడమ పక్కకు పడితే ఎడమ తలుపు తెరుచుకోదు. బెల్టు కోసి అద్దం పగలగొట్టే చిన్న సుత్తిని డ్రైవర్ చేతికందే చోట కట్టి ఉంచాలి, డ్యాష్‌బోర్డు అరలో కాదు. సీటు బకిల్ ఎర్ర బటన్ ఎంత గట్టిగా నొక్కాలో నాయనమ్మకు, అమ్మమ్మకు కూడా ఒకసారి చూపించండి. కొత్తవాళ్ళ వేలికి అది లొంగదు.

రెండు డోర్ల బండికి తలుపు పొడుగు ఎక్కువ. ప్రకాశం బజార్లో రెండు బండ్ల మధ్య ఇరికిస్తే ఎడమ తలుపు సగమే తెరుచుకుంటుంది, ముందు సీటు వంగినా పిల్లను దించలేరు. గోడ పక్కన కాకుండా ఎడమ వైపు ఖాళీ ఉన్న చోటే ఆపాలి. అది దొరకకపోతే పిల్లను దించి తర్వాత ఇరికించుకోవడమే.

ఇద్దరు పిల్లలకూ సీట్లు కావాల్సిన ఇంటికి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రోజూ వెంట వచ్చే ఇంటికి ఈ బండి వద్దని మా అభిప్రాయం. ముందు కూర్చున్న అవ్వ పిల్లను ఎక్కించిన ప్రతిసారీ దిగి ఎక్కాలి. థారే కావాలంటే 2024 ఆగస్టులో ఐదు డోర్ల రాక్స్ వచ్చింది.

షోరూముల వాళ్ళకు మా విన్నపం ఒకటుంది. ఒక్క పిల్లల సీటు డెమో బండి దగ్గర పెట్టండి. కొనేవాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కు సీటును, పిల్లను ఇద్దరినీ తెచ్చుకోండి. నార్కట్‌పల్లి దాకా నడిపి చూసే బదులు షోరూం ముందే ఐదుసార్లు ఎక్కించి దించి చూడండి, అందులో ఒకసారైనా ఇంట్లో అందరికన్నా పొట్టిగా ఉన్న మనిషితో.

ఇట్లు,
కారు సీట్లు బిగించే పనివారు,
నల్లగొండ