మాగ్నెట్ అంటుకోకపోతే 304 అని మీకు చెప్పింది నేనే

మన షాపులో పికప్ బండికి సైలెన్సర్ పైపు మార్పించుకున్న అన్నలకు, తమ్ముళ్లకు.

గత నాలుగేళ్లలో మీలో 31 మందికి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ అని చెప్పి నేను వేసిన పైపు 304 కాదు, 202. బయట ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను. పైపు ఉచితంగా మార్చిస్తాను. ఎప్పుడు రావాలో చివర్లో రాశాను, తొందరున్నవాళ్లు అక్కడికే వెళ్లండి.

పని మొదలుపెట్టే ముందు మీకందరికీ ఒక తమాషా చూపించేవాణ్ణి, గుర్తుందా? పాత స్పీకర్‌లోంచి తీసిన గుండ్రటి మాగ్నెట్ ఒకటి నా దగ్గరుండేది. మీ బండి కంపెనీ సైలెన్సర్ మీద పెడితే టక్కున అంటుకునేది. నా పైపు మీద పెడితే జారి కింద పడేది. "చూశారా, స్టీలంటే ఇదీ" అనేవాణ్ణి. కొందరు ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నారు. ఇప్పుడా వీడియోలు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మొదట వచ్చింది దామలచెరువు మండీకి మామిడికాయలు తోలే అన్న. వెల్డింగ్ పక్కన ఎర్రమచ్చలు చూపించి, "ఏం నా, తుప్పే పట్టదంటివి?" అన్నాడు. పైపు వేసి ఏడాది కూడా కాలేదు. నేను ఒప్పుకున్నానా? లేదు. "మీ బోరు నీళ్లలో ఉప్పెక్కువ, వాటితో కడుగుతున్నట్టున్నారు" అని చెప్పి, వైరు బ్రష్ కొట్టి, పాలిష్ పెట్టి పంపించాను. తర్వాత కరకంబాడి రోడ్డు నుంచి ఒక బండి, పలమనేరు నుంచి ఇంకొకటి. అవే మచ్చలు, అదే చోట. మూడు ఊళ్ల నీళ్లు ఒకేలా చెడ్డవి కావు కదా. అప్పుడు గానీ నాకు టెన్షన్ మొదలవలేదు.

నా కళ్లు తెరిపించింది ఆటోనగర్‌లో మా వెనక వీధిలో మెట్ల రెయిలింగులు చేసే కుర్రాడు. నా సర్వీసంత వయసు కూడా లేదు వాడికి. పైపు ముక్క తీసుకెళ్లి చూపిస్తే, "మాగ్నెట్ చూసి 304 అంటావా నా?" అని నవ్వాడు. చిన్న సీసాలోంచి ఒక చుక్క మందు పైపు మీద వేసి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ రెండు కొసలు పైపుకీ చుక్కకీ ఆనించాడు. క్షణాల్లో ఎర్రబడింది. తన దగ్గరున్న అసలు 304 ముక్క మీద అదే చుక్క లేత పసుపుగానే ఉండిపోయింది. పందొమ్మిదేళ్లుగా సైలెన్సర్లు కోస్తున్నవాణ్ణి, రెయిలింగులవాడికి తెలిసిన సంగతి నాకు తెలియలేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

అయినా నమ్మబుద్ధి కాక ముక్క కోసి చెన్నైలో ల్యాబుకు పంపాను. నికెల్ 8 శాతం ఉండాల్సిన చోట 4.3. మాంగనీసు 2 దాటకూడని చోట 8.9. ఇంక మాట్లాడేదేముంది.

సంగతి ఇదీ. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదైంది. అందుకని దాన్ని తగ్గించి మాంగనీసు కలిపితే 200 సిరీస్ స్టీలు వస్తుంది, 202 అందులోదే. మెరుపు అదే, మాగ్నెట్ దానికీ అంటుకోదు. తుప్పును తట్టుకునే శక్తి మాత్రం తక్కువ. అందులోనూ వెల్డింగ్ వేడికి రంగు మారిన చోట ముందు మొదలవుతుంది. సైలెన్సర్‌లో చల్లారినప్పుడల్లా లోపల నీటి చెమ్మ పడుతుంది, చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికైతే అది ఆరే టైమే ఉండదు.

ఇంకో పక్క, కంపెనీలు తమ సైలెన్సర్లకు ఎక్కువగా వాడే 409 అనే స్టీలుంది. అందులో నికెల్ దాదాపు ఉండదు, క్రోమియం 11 శాతం దాకా ఉంటుంది, మాగ్నెట్ గట్టిగా పట్టుకుంటుంది. కానీ అది సైలెన్సర్ల పనికే తగిన స్టీలు. అంటే నా మాగ్నెట్ తమాషా రెండు వైపులా తప్పే. నాసిరకాన్ని మెచ్చుకుంది, కంపెనీవాళ్ల మంచి స్టీలును మీ ముందు తక్కువ చేసింది.

ఇప్పుడు సప్లయర్ సంగతి. పేరు రాయను. చెన్నై మనిషి, ఏడేళ్ల పరిచయం. వాళ్లింట్లో పెళ్లికి వెళ్లి వచ్చాను. లాక్‌డౌన్‌లో నా దగ్గర డబ్బుల్లేకపోతే మూడు నెలలు అప్పుగా సరుకు పంపిన మనిషి. అందుకే ఎప్పుడూ టెస్ట్ చేయించలేదు, అడిగితే బాధపడతాడని. ఫోన్ చేస్తే ముందు "ఒరిజినల్ 304 అణ్ణే" అన్నాడు. రిపోర్టు వాట్సాప్‌లో పెట్టాక, "మార్కెట్లో అందరూ ఇదే వేస్తున్నారు, మీరు ఇచ్చే రేటుకు 304 ఎట్లా వస్తుంది?" అన్నాడు. నేను ఇచ్చే రేటు! ఆ రేటు చెప్పింది ఆయనే, ఒక్కసారి కూడా బేరమాడలేదు నేను.

సరే, బిల్లులతోనైనా నిలదీద్దామని రాత్రి కూర్చుని నాలుగేళ్ల ఫైళ్లు తీశాను. ఒక్క బిల్లులో కూడా 304 అన్న అంకె లేదు. అన్నిట్లోనూ "ఎస్ఎస్ పైపు, 63 ఎంఎం" అనే ఉంది. ఎస్ఎస్ అంటే ఏ స్టెయిన్‌లెస్ అయినా కావచ్చు. 304 అన్నది నోటి మాటే, బిల్లు మీదకు ఎప్పుడూ రాలేదు. ప్రతి బిల్లు మీదా నా సంతకం ఉంది. అది చూశాక ఆయన మీద ఉన్న కోపం సగం నా మీదికి తిరిగింది. మిగతా సగం ఆయన మీదే ఉంది, ఉంటుంది కూడా. మిగిలిపోయిన పైపులు షెడ్డులో మూల నిలబెట్టాను, వచ్చి తీసుకెళ్లమన్నాను. రాలేదు. స్క్రాప్‌కు అమ్ముతాను గానీ ఇంకో బండికి వేయను.

మా బావమరిది, "202 అయినా కొన్నేళ్లు వస్తుంది, ఎవరడిగారు నిన్ను?" అన్నాడు. ఇంకొకాయన మచ్చల మీద వేడికి తట్టుకునే నల్ల పెయింట్ కొట్టి పంపమన్నాడు. నిజమే, పెయింట్ కొడితే ఎవరికీ తెలిసేది కాదు. వారం రోజులు ఆ ఆలోచన నా తలలో తిరిగిందని ఒప్పుకుంటున్నాను, 31 బండ్లంటే చిన్న లెక్క కాదు. మీరు డబ్బిచ్చింది 304కి కాబట్టి 304యే వేస్తాను. కొత్త డీలర్ దగ్గర గ్రేడు, హీట్ నంబరు (ఏ విడత కరిగించిన స్టీలో చెప్పే నంబరు) బిల్లులో రాయించాను, పైపు మీద ప్రింటు చూశాను, అయినా మీ ముందే చుక్క వేసి చూపిస్తాను. శబ్దం తగ్గించే మఫ్లర్ డబ్బా వేరే చోట చేయించింది, అది టెస్టులో బాగానే వచ్చింది, మార్చాల్సిన పని లేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఏది వేయాలన్నదే ఎక్కువ ఆలోచింపజేసింది. 304 మెరుస్తుంది, చూడ్డానికి అందం. కానీ వేడికి ఎక్కువ సాగుతుంది. రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే 304 సుమారు పది మిల్లీమీటర్లు సాగుతుంది, 409 ఏడు దగ్గర ఆగుతుంది. లోడు మీద భాకరాపేట ఘాటు ఎక్కి దిగే బండికి ఆ మూడు మిల్లీమీటర్లు రోజూ పైపును పట్టి ఉంచే హ్యాంగర్ల మీద, వెల్డింగుల మీద పడతాయి. అందుకని కాయలు, టమాటాలు తోలే బండికి ఇక మీదట 409 వేయమనే చెబుతాను. పైన కాస్త గోధుమ రంగు తిరుగుతుంది, అది పైపొర, తొందరగా చిల్లు పడదు. దానికి మాగ్నెట్ అంటుకుంటుంది. అంటుకుందని మళ్లీ నా దగ్గరికి గొడవకు రావద్దు, ఆ అలవాటు నేర్పిన పాపం నాదే అయినా సరే. షోకు కోసం కావాలంటే 304 వేస్తాను, ఖరీదు ఎక్కువ, తగ్గించమని అడగొద్దు.

పైపు సైజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2016 నుంచి మన సత్యవేడు పక్కనే శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్, వీ-క్రాస్ బండ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తాయి. 1.9 లీటర్ ఇంజినుకు రెండున్నర అంగుళాలు చాలు. మూడంగుళాలు వేయించుకున్న ఇద్దరు, రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గర క్యాబిన్‌లో ఒకటే గూంకారం, తలనొప్పి అని మళ్లీ వచ్చారు. దాన్ని పైపుకు ఒక కొస మూసిన పక్క గొట్టం పెట్టి తగ్గించవచ్చు, కానీ ఆ శబ్దానికి ఐదారు అడుగుల గొట్టం కావాలి, ఛాసిస్ కింద అంత చోటెక్కడిది? ఇక పవర్ పెరుగుతుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదీ. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ వెనక పైపు మారిస్తే శబ్దం మారుతుంది, బరువు కాస్త తగ్గుతుంది, పవర్ చెప్పుకోదగ్గంత పెరగదు. టర్బో బండికి బ్యాక్ ప్రెషర్ (పొగ బయటికి పోకుండా ఎదురు నెట్టే ఒత్తిడి) కావాలన్న మాట కూడా నిజం కాదు.

డీపీఎఫ్ పీకేయమని అడిగేవాళ్లు దయచేసి నా దగ్గరికి రావద్దు. మసి పట్టే జల్లెడ అది, తనను తాను 600 డిగ్రీల దగ్గర కాల్చుకుని శుభ్రం చేసుకుంటుంది. తీసేస్తే సెన్సార్లు ఊరుకోవు, బండి లింప్ మోడ్‌లోకి పోతుంది (పవర్ తగ్గించేసుకుంటుంది), వారంటీ పోతుంది. పొగ, శబ్దం కేసు పడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద పది వేల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, పైగా లైసెన్సు మూడు నెలలు రద్దు. కంపెనీ ఇచ్చిన బండిని మార్చకూడదని సెక్షన్ 52 కూడా ఉంది. అందుకే మీ ఒరిజినల్ సైలెన్సర్‌ను పాత సామానుకు వేయకండి, ఇంట్లో దాచుకోండి. తోటల్లో తిరిగేవాళ్లకు ఇంకో మాట. డీపీఎఫ్ కాలుతున్నప్పుడు ఎండు గడ్డి మీద బండి ఆపొద్దు.

పైపు మార్చే పని వచ్చే సోమవారం నుంచి. వారానికి నాలుగు బండ్లు, కాయల సీజన్ మొదలయ్యేలోపు అన్నీ అయిపోవాలి. మండీకి తోలేవాళ్లు ముందు, మిగతావాళ్లు బిల్లు తేదీ ప్రకారం. బిల్లు పోయినా పర్వాలేదు, నా పుస్తకంలో బండి నంబర్లున్నాయి. ముందు రోజు రాత్రే వదిలిపెడితే మంచిది, పైపు చల్లారాకే పని మొదలుపెట్టగలం. నాలుగు గంటల పని. కూర్చుంటే టీ ఇప్పిస్తాను, కానీ వెల్డర్ పక్కన నిలబడి సలహాలు చెప్పొద్దు. డబ్బే వెనక్కి కావాలంటే పైపు ఖరీదు ఇచ్చేస్తాను, అప్పుడు మీ పాత సైలెన్సర్ బిగించి పంపిస్తాను.

సోమవారం మొదటి బండి దామలచెరువు అన్నది. నీళ్ల మీద నెట్టినందుకు క్షమించమని చెబుదామని నిన్న రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఈ రాత్రి మళ్లీ చేస్తాను.