తోట బెట్టలో ఉంది బిడ్డా

కనగల్ మండలం
డిసెంబర్ రెండో ఆదివారం, రాత్రి

బిడ్డా,

నాయిన దీవెనలు. ఇక్కడ అంతా క్షేమం. లచ్చిమి మొన్న మంగళవారం ఈనింది, ఆడదూడే. జున్నుపాలు పంపుదామంటే బస్సులో విరిగిపోతాయని మీ అమ్మ వద్దంది. ఆమె మోకాలు ఎప్పటిలాగే ఉంది. తగ్గదు, పెరగదు. తగ్గిందా అని అడిగితే మాత్రం పెరుగుతుంది. చిన్నవాడు డ్రిప్పు పైపులు మార్చాలంటున్నాడు. మార్చాల్సినవి పైపులు కాదు, వాడు లేచే వేళ అని చెప్పాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోనులో నువ్వు నాకిచ్చేది నలభై సెకన్లు. గురువారం నాడైతే 38. "నాయినా, బిజీగా ఉన్నా, మళ్లీ చేస్తా" అనడానికి అవి సరిగ్గా సరిపోతాయి. నువ్వు కుదురుగా కూర్చుని మాట్లాడి 22 రోజులయింది. ఉత్తరానికి మధ్యలో పెట్టేసే మీట లేదు. పైగా దీన్ని చింతకాయ తొక్కు సీసాకు చుట్టి రబ్బరు వేశాను. తొక్కు కావాలంటే ముందు దీన్ని విప్పాల్సిందే.

రాయడానికి పెద్ద కారణమేమీ లేదు. బత్తాయి తోటకు నీళ్లు ఆపి బెట్టకు వదిలాం, నాకు చేయడానికి పని లేదు, అంతే.

పోయిన వారం మీ చిన్నమ్మ మరిది కొడుకు పెళ్లికి నల్లగొండ వెళ్లాం. వంటలు బాగున్నాయి, బగారన్నంలో ఉప్పు తగ్గింది. అక్కడ పెద్దత్త కలిసింది. నువ్వు నీ కుట్టు దుకాణంలో కళ్లు తిరిగి పడిపోయావని, సందు చివర దవాఖానలో సెలైన్ పెట్టించుకుని, సాయంత్రానికి మళ్లీ మిషను ముందు కూర్చున్నావని చెప్పింది. పెద్దత్త మాట నీకు తెలియనిది కాదు, చీమ కుడితే పాము కరిచిందంటుంది. నేను నమ్మలేదు. నిన్ను అడగను కూడా. అల్లుణ్ణి అడిగితే "అదేమీ లేదు మామా" అన్నాడు. నిజంగా ఏమీ లేకపోతే మనిషి అంత తొందరగా ఏమీ లేదనడు. పోనీలే, ఆ సంగతి వదిలేద్దాం.

మీ అమ్మ దర్వేశిపురం ఎల్లమ్మకు ఒడిబియ్యం పోస్తానని మొక్కుకుంది. ఎందుకని అడిగితే లచ్చిమి సుఖంగా ఈనిందని అంది. ఈనింది మంగళవారం. మొక్కుకున్నది అంతకు ముందు ఆదివారం రాత్రి, పెళ్లి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ.

గుట్ట మామ తోట సంగతి నీకు ఎప్పుడైనా చెప్పానా? చెప్పే ఉంటాను. మళ్లీ విను.

నీ పెళ్లయిన ఏడాది అది. అంతకు ముందు కరెంటు ఎలా వచ్చేదో నీకు గుర్తుండాలి. ఒక వారం పగటి వంతు, ఒక వారం రాత్రి వంతు. రాత్రి వంతు పడితే రెండింటికి లేచి, టార్చి పట్టుకుని, పురుగూ పుట్రా తప్పుకోవడానికి కర్ర నేలకు తాటిస్తూ బోరు దగ్గరికి పోయేవాణ్ణి. రాత్రి నీళ్లు కట్టి వచ్చినవాడే రైతు, పడుకున్నవాడు సోమరి. ఈ లెక్క నాలో పాతుకుపోయింది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. మన పాత నల్లగొండ జిల్లాలో అంతకు కొన్ని నెలల ముందే ఇచ్చి చూశారు. ఇక నా సంబరం చూడాలి! మోటారుకు ఆటో స్టార్టరు ఉండనే ఉంది. కరెంటు వస్తే అది తనంతట తానే మోటారును లేపుతుంది, నీళ్లు కావాలా వద్దా అని ఎవరినీ అడగదు. కరెంటు పోదు, మోటారు ఆగదు, వాటిని చూసి నేనూ ఆగలేదు. మడవ మార్చడం, పాదు సరిచేయడం, మళ్లీ మొదటి చెట్టు దగ్గరికి రావడం. నాలుగెకరాలు, 440 చెట్లు.

బత్తాయి చెట్టు స్వభావం మా నాయిన నాటి నుంచీ ఎరిగిందే. మన సాత్‌గుడి రకం పూతకు రావాలంటే డిసెంబర్‌లో నీళ్లు ఆపాలి. ఎర్ర చెలకల్లో రెండు మూడు వారాలు, నల్లరేగడిలో ఇంకా ఎక్కువ. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది, చూసేవాడికి చెట్టు పోయిందనిపిస్తుంది. అప్పుడు పాదులు తవ్వి, ఎరువు వేసి, మొదట పల్చగా ఒక తడి ఇచ్చి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఇంకో రెండు మూడు వారాలకు పూత. అంతా తెలుసు. తెలిసి కూడా ఆ డిసెంబర్‌లో ఆపలేకపోయాను. కరెంటు ఉంది, బోరులో నీళ్లున్నాయి, ఊరికే కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

గుట్ట మామ మాత్రం ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, చింతచెట్టు కింద నులకమంచం మీద పడుకున్నాడు. ఆయన తోట ఆకులు దోనెల్లా ముడుచుకుపోయాయి. నా తోట నిగనిగలాడింది. దారిన పోయేవాళ్లు బండి ఆపి మరీ చూసేవాళ్లు. "మామా, ఇక నీ వల్ల కాదు, తోట అమ్మేయరాదూ" అని కూడా అన్నాను. ఆయన తంబాకు నలుపుకుంటూ నవ్వాడు, అంతే.

ఫిబ్రవరిలో ఆ వైపు నుంచి గాలి వీస్తే మన ఇంట్లో పోపు వాసన కూడా తెలిసేది కాదు, అంత పూత. నా తోటలో ఇక్కడొకటి, అక్కడొకటి. తక్కినదంతా ఆకు. ఉద్యాన శాఖ అధికారి వచ్చి పాదులో మట్టి పిడికెడు తీసి పిండితే నీళ్లు కారాయి. మొదళ్ల దగ్గర బంక కారుతోంది, తడి ఎప్పుడూ మానును అంటుకుని ఉంటే వచ్చే తెగులు. "తోటను బాగా చూసుకున్నారు, చూసుకోకుండా ఉండాల్సిన నెలలో కూడా చూసుకున్నారు" అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. పదిహేడు చెట్లు పోయాయి. మార్చి దాటకముందే గుట్టకింది బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. ఆటో స్టార్టర్లు తీసేయమని కరెంటు శాఖ వాళ్లు ఊరూరా తిరిగి చెబుతుంటే, మన ఊళ్లో అందరికంటే చివర తీసింది నేనే. ఆ ఏడు పడ్డంత కష్టం నా జన్మలో పడలేదు. వచ్చిన కాయ ఒక్క ఆటోలో పట్టింది, ఆటోలో ఇంకా చోటు మిగిలింది. దించుకోవడానికి గుట్ట మామే వచ్చి చేయి వేశాడు. అదింకా పెద్ద శిక్ష.

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, ఊరికే.

ఊరికే కాదులే. పోయిన ఏడు కంటి ఆపరేషనుకు వచ్చి నీ దగ్గర ఎనిమిది రోజులున్నాను కదా. ఒక కంటికి కట్టు కట్టినా రెండోది పనిచేస్తూనే ఉంది. వనస్థలిపురంలో నాకు తెలిసిన వాళ్లు ఎవరున్నారు? నీ దుకాణంలో స్టూలు మీద కూర్చుని, క్యాలెండరు కాగితం వెనక లెక్క రాసుకున్నాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది. బుధవారం నాటిది చెబుతాను. పొద్దున పదిన్నర నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నువ్వు ఫోను ఎత్తింది 31 సార్లు. "అక్కా, నా జాకెట్టు అయిందా" అన్నవే వాటిలో 17. ఎవరో ఒకామె చీర ఫాలుకు దారం రంగు వెతకడానికి నలభై నిమిషాలు. టైలర్లిద్దరూ లైనింగు గుడ్డ కోసం నీ మొహం చూస్తూ కూర్చుంటే, బండి వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయి తెచ్చింది నువ్వే. కత్తెర పట్టింది మొత్తం కలిపి ఇరవై నిమిషాలు. అది పెళ్లికూతురి మగ్గం పని జాకెట్టు. ఆ పూట నీకు నాలుగు డబ్బులు తెచ్చింది అదొక్కటే. రాత్రి పదకొండింటికి "నడుము విరిగింది నాయినా" అన్నావు. విరిగింది, కాదనను. పనేమయిందని అడుగుదామనుకుని, పెరుగన్నం తింటున్నావని ఊరుకున్నాను.

నేను బట్టల వ్యాపారం చెప్పేవాణ్ణి కాను. నాకు చొక్కా గుండీ కుట్టడం రాదు. అయినా ఒక్క మాట. ఆది జాకెట్టు చేతికి తీసుకున్నప్పుడే తేదీ రాసిచ్చి, దానికి రెండు రోజులు ముందు పూర్తిచేస్తే ఆ 17 ఫోన్లలో పదిహేను రావు. లైనింగు, హుక్కులు, దారాలు నెలకు సరిపడా ఒకేసారి తెచ్చి పెట్టుకో. ఎరువు బస్తా కోసం మనం రోజూ నల్లగొండ పోతామా? ఫాలు, పికో దుకాణంలో పనిచేసే పిల్లకు అప్పజెప్పు. కుట్టు వంకర పోతుందంటావు. పోనీ. నీకు పోలేదా? నువ్వు కుట్టిన జాకెట్టు చంకలో పట్టేసి, మీ మేనత్త పెళ్లి పందిట్లో అక్షింతలు వేయడానికి చేయి ఎత్తలేకపోయింది. పొద్దున మూడు గంటలు ఫోను గల్లాపెట్టెలో పెట్టి తాళం వేయి. ఆ మూడు గంటలు నువ్వూ కత్తెరా. కొలత చూసి గుడ్డ మీద గీత గీయడం ఆ దుకాణంలో నీకొక్కదానికే వచ్చు. తక్కిన పనులు ఎవరూ నీ అంత బాగా చేయరు, అయినా చేస్తారు. ఇంకొకటి, నూరు రూపాయల పని తెచ్చి గంట కబుర్లు చెప్పేవాళ్లకు లేదనడం నేర్చుకో. లేదంటే పగవాళ్లవుతారని భయం, మన ఇంటి భయమే అది, నా నుంచే వచ్చింది.

ఒక్క మాట అని ఎన్ని చెప్పాను!

నువ్వు పోచంపల్లి చీరలకు జాకెట్లు కుడతావు కనుక ఇదొక్కటి చెప్పి ఆపుతాను. ఆ చీర నూలుకు రంగు అంటకుండా అక్కడక్కడా చిటికి కట్టడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా నిలిపిన మేకుల చుట్టూ చేత్తో దారం తిప్పడం. ఒక్క చీరకు 9,000 సార్లు, నాలుగైదు గంటలు. ఇళ్లలో ఆడవాళ్లు చేసేవాళ్లు, భుజాలు పడిపోయేవి. మన పాత జిల్లావాడే, శారాజీపేట చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి అవస్థ చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో దానికి యంత్రం చేశాడు. చీరకు గంటన్నర చాలు. లక్ష్మీ ఆసు యంత్రమని అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంకొంచెం ఓర్చుకో అమ్మా అని ఊరుకుని ఉంటే ఆమె ఇంకో 9,000 సార్లు తిప్పేది, మనం మంచి తల్లి అనేవాళ్లం. ఆయన చేయి ఎక్కడ అనవసరంగా తిరుగుతోందో చూశాడు.

సెలైన్ సీసాలో ఎన్ని చుక్కలుంటాయో నాకు తెలియదు. నీకు తెలిసి ఉండొచ్చు, ఆ పూటైనా లెక్కపెట్టే తీరిక దొరికి ఉంటే. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే ఏం కొట్టేశావని మీ అమ్మ అడుగుతుంది, అందుకే ఉంచాను.

పుష్యం వస్తోంది, ముహూర్తాలుండవు. మాఘం ఆర్డర్లు వస్తాయి, అవి ముందే కుట్టాలి అంటావు. వారం రోజులు షట్టరు దించితే ఎవరి పెళ్లీ ఆగదు. సంక్రాంతి సెలవులకు పిల్లను తీసుకుని రా. మీ అమ్మ సకినాలకు బియ్యం ఇప్పుడే లెక్క వేస్తోంది. అప్పటికి తోటకు తడి ఇచ్చి ఉంటాం, పూత మొగ్గ మీద ఉంటుంది. రాలేనంటావా, నేనే వస్తాను. స్టూలు మీద కూర్చుంటాను. క్యాలెండరు కాగితం తెచ్చుకుంటాను.

సంచి ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. రసీదు ఫొటో చిన్నవాడు పంపుతాడు. తెచ్చుకోవడానికి నువ్వు పోకు, దుకాణం పిల్లవాణ్ణి పంపు. కందికాయలు పచ్చివి, వచ్చిన రోజే ఉప్పు వేసి ఉడకబెట్టండి, నిలవుంటే పురుగు పడుతుంది. జొన్నపిండి నిన్ననే పట్టించింది, మూత తీసి ఆరబెట్టు. నువ్వుల ముద్దలు 28 ఉన్నాయి, నేనే లెక్కపెట్టాను. పదకొండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి, పద్నాలుగు రోజులకు. పిల్లకు వేరే పొట్లం ఉంది, నీ వాటిలోంచి ఇవ్వకు. పద్నాలుగో రోజు ఎన్ని మిగిలాయో అల్లుణ్ణి అడుగుతాను. తొక్కు సీసా తిరిగి పంపు, అది మీ అమ్మమ్మది.

మీ నాయిన

ఉత్తరం మడుస్తుంటే మీ అమ్మ చదివి వినిపించమంది. అంతా విని, "ఇంత రాశావు, అడగాల్సింది అడగలేదు" అంది. సెలైన్ ఏ చేతికి పెట్టారు? కత్తెర పట్టే చేయి కాదు కదా. వాపు ఉంటే ఉప్పు మూటతో కాపడం పెట్టమంటోంది.